దగ్గరలోని చార్జింగ్ కేంద్రం

నేను ఒక గొడవ మధ్యలో ఉన్నాను. అది పొదిలి రాకముందే మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు వాళ్ళకే గుర్తు లేదు.

"రాత్రి ప్లగ్గు నేనే పెట్టా. లైటు వెలిగిందాకా నిలబడి చూసి మరీ లోపలికొచ్చా," అంటోంది హైమావతి, ఎడమవైపు సీట్లోంచి.

"పెడితే నిండాల కదా! నిండకుండా యాడికి పోయిద్ది కరెంటు?" స్టీరింగు పట్టుకున్న ఆమె భర్త పురుషోత్తం నా మీదికి వేలు చూపించాడు. "చూడు. ఇంకా మార్కాపురం కూడా రాలా, సగానికి కిందికి దిగింది."

"నన్నెందుకు చూడమంటారు? తోలేది మీరు."

"సరిగ్గా గుచ్చి ఉండవు. నీకు ఏ పనైనా హడావిడే."

వెనక సీట్లో పురుషోత్తం తల్లి కనకరత్నమ్మ కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటోంది. ఆమె పక్కన మనవరాలు మేఘన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ ఇయర్‌ఫోన్లలో పాటేమీ రావడం లేదు. ఆ పిల్ల ఫోను నాకే కలిపి ఉంది కాబట్టి నాకు తెలుసు.

నేను కరెంటు కారులో దారి చెప్పేదాన్ని. స్టీరింగు పక్కన పలకంత తెరగా ఉంటాను. ఎక్కడ తిరగాలో, ఎంత దూరం మిగిలిందో, బ్యాటరీ ఎంత ఉందో, అది అయిపోయేలోగా ఎక్కడ నింపుకోవచ్చో చెప్పడం నా పని. మైకు కూడా ఉంది. "దగ్గరలోని చార్జింగ్ కేంద్రం చూపించు" అని ఎవరైనా అంటే వినడానికి పెట్టారు. పెట్టింది దానికే అయినా, నాకు అన్నీ వినపడతాయి. ఒక కుటుంబం కారులో కూర్చుని మాట్లాడుకునే మాటలు వింటే అలసట వస్తుంది. ఇంట్లో అయితే ఒకరు వంటింట్లోకి లేచిపోతారు. ఇక్కడ లేచిపోయే వీల్లేదు.

నన్ను ఒక్కచోట ఒక్కరు చేయలేదు. తెర ఒక దేశంలో తయారైంది, లోపలి బుర్ర ఇంకో దేశంలో. గొంతు మాత్రం మన అమ్మాయిదే. ఎక్కడో తలుపులు బిగించిన గదిలో కూర్చుని కుడి, ఎడమ, నేరుగా, నిదానంగా అని మాటలన్నీ విడివిడిగా చదివింది. ఊళ్ళ పేర్లు చదవమని ఆమెను ఎవరూ అడగలేదు. అవి తర్వాత యంత్రం అతికించింది. అందుకే నేను కంభం అన్నా కనిగిరి అన్నా వినేవాళ్ళు నవ్వుతారు. తన గొంతు చీమకుర్తి రాళ్ళ లారీల వెనక ఇరుక్కుపోయి "దారి మళ్ళీ చూస్తున్నాను" అంటోందని ఆ అమ్మాయికి తెలియదు.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఒక కంపెనీ ఆఫీసరు. అతనికి తెలిసినవి ఇల్లు, ఆఫీసు, ఆ రెంటి మధ్య దారి. నన్ను ఏమీ అడగలేదు. కొన్న వారంలోనే నా గొంతు కట్టేశాడు. సాయంత్రాలు మాత్రం ఇంటి కింద సెల్లారులో కారు ఆపి, చాలాసేపు దిగకుండా కూర్చునేవాడు. పైన లైట్లు వేసిన ఇల్లు ఉంది, అందులో మనుషులున్నారు. అయినా కూర్చునేవాడు. తర్వాత విజయవాడలో ఒక పళ్ళ డాక్టరమ్మ కొంది. ఆమె నాతో పోట్లాడేది. "ఈ సందులోకి కారు పడుతుందా నీ మొహం!" అనేది. పోట్లాడినా నేను చెప్పింది వినేది. పెద్ద కారు కొనుక్కుని నన్ను అమ్మేసింది.

అలా ఒంగోలు వచ్చాను. పురుషోత్తం రిజిస్ట్రారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కారు తెచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చి, కనకరత్నమ్మ నాకు కూడా బొట్టు పెట్టింది. ఆ కుంకుమ తెర అంచు సందులోకి దిగి అక్కడే ఉండిపోయింది. పురుషోత్తానికి నేనంటే గర్వం. చుట్టాలెవరొచ్చినా కారెక్కించి, "అంతా అదే చెప్పిద్ది" అంటాడు. అన్నాక నాకు అడ్డంగా తన ఫోను తగిలిస్తాడు. అది ఒక దారి చెబుతుంది, నేను ఒకటి చెబుతాను. ఆయన ఇద్దరి మాటా విని, అద్దం దించి, కిళ్ళీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషిని అడుగుతాడు.

ఆరోజు ఆదివారం. వేసవి సెలవులు. కంభం అవతల బొగ్గులదిన్నె అనే ఊరు చూడటానికి అందరూ బయలుదేరారు. ఎందుకో చెప్పాలి.

హైమావతి ఒంగోలు దగ్గరే ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. హెడ్మాస్టరు ప్రమోషను వచ్చింది. మంగళవారం కౌన్సెలింగు. దగ్గరి ఊళ్ళన్నీ సీనియర్లు తీసుకున్నాక ఆమె వంతుకు మిగిలేది బొగ్గులదిన్నె. ఇల్లూ సంసారం ఉన్న ఆడ టీచర్లకు ఇలాంటిచోట ఒక అలవాటు ఉంది. పిలిచినప్పుడు వెళ్ళి, ఖాళీలు చూసి, "నాకు ఇష్టం లేదు" అని రాసి సంతకం పెట్టి వచ్చేస్తారు. మర్నాడు స్టాఫ్‌రూములో "మంచి పని చేశావు" అని మిగతావాళ్ళు అంటారు. హైమావతి ఇప్పటికి రెండుసార్లు అలా రాసింది. ఒకసారి అత్తగారి మోకాలి ఆపరేషను. ఒకసారి మేఘన ఇంటరు. ఇప్పుడు వద్దంటే ఆమె రిటైరయ్యేలోగా మళ్ళీ పిలుపు రాదు.

ఆమె ఇంట్లో "పోతా" అనలేదు, "పోను" అనలేదు. పురుషోత్తమే అన్నాడు. "ఒకసారి చూసొద్దాం హైమా. చూస్తే నీకే తెలిసిద్ది." ఆ మాటకు అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

మార్కాపురం దగ్గరపడ్డాక పురుషోత్తం గొంతు సవరించుకుని నన్ను అడిగాడు. పరాయివాళ్ళ ముందు మాట్లాడినట్టు, పుస్తకంలో భాష. "దగ్గరలోని చార్జింగ్ కేంద్రం చూపించుము."

చూపించాను. ఊరి చివర ఒక బండ్ల షోరూము. వెళ్ళేసరికి గేటుకు గొలుసు కట్టి ఉంది. లోపల చార్జరు తెల్లగా, కొత్తగా నిలబడి ఉంది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు.

"ఆదివారం గదా సార్. రేపు రాండి."

"రేపటిదాకా ఈడే ఉండమంటావా?"

"మీ ఇష్టం సార్. నీడ కావాలంటే ఆ వేపచెట్టు కింద ఉండాది."

వెనక సీట్లో మేఘన ఫక్కున నవ్వి, తండ్రి అద్దంలోంచి చూడగానే ఆపేసింది.

రెండోది కంభం రోడ్డులో ఒక దాబా. నా పట్టికలో అది పచ్చగా ఉంది, పనిచేస్తున్నట్టు. తీరా అక్కడ చార్జరు మీద గోనెసంచి కప్పి, దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. దాబా యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అది పాతిపోయినోళ్ళు మళ్ళా ఇటు తొంగిచూడలేదన్నా. మీలాంటోళ్ళు వస్తానే ఉంటారు. టీ తాగుతారా?"

తాగారు. ఏం చేస్తారు.

నా పరిస్థితి చెబుతాను. చార్జింగ్ కేంద్రాల పట్టిక నేను రాసుకున్నది కాదు. ఎవరో రాసి పంపుతారు. ఒక యంత్రం పెట్టిన రోజు రిబ్బను కత్తిరిస్తారు, ఫోటో తీస్తారు, నాకు కబురు పంపుతారు. అది పాడైన రోజు ఎవరూ కబురు పంపరు. నేను మాత్రం అందరికీ పచ్చగా చూపిస్తూ ఉంటాను.

"తర్వాతది యాడ?" అన్నాడు పురుషోత్తం.

గిద్దలూరులో ఉంది. అంతదూరం వెళ్ళడానికి బ్యాటరీ చాలదని ఎర్ర అక్షరాల్లో చూపించాను. ఆయన ఏసీ కట్టేశాడు. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. కనకరత్నమ్మ చీర చెంగుతో విసురుకుంటోంది. గొడవ మళ్ళీ మొదటికొచ్చింది.

"మాట్లాడవేం? రాత్రంతా ప్లగ్గులో ఉంటే ఇట్టా ఎందుకయ్యిద్ది? నేను పొద్దున లేచేసరికి కారు ఎదురింటి ముందుంది. ఎవరు తీశారు దాన్ని?"

హైమావతి మొగుడి వైపు తిరిగింది. "ఎదురింటి ముందా? మీరు తీశారనుకున్నా నేను."

నన్ను అడిగితే చెప్పేదాన్ని. ఏ వేళకు ప్లగ్గు తీశారో నా దగ్గర ఉంది. నన్ను దారి తప్ప ఎవరూ ఏమీ అడగరు.

మేఘన ఇయర్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేనే తీశా నాన్నా. నానమ్మ తీయమంది."

"అమ్మా!"

"ఏందిరా అరుస్తావు?" కనకరత్నమ్మ కళ్ళు తెరిచింది. "తెల్లారాక వర్జ్యం. మీరు లేచి, కాఫీలు తాగి, తెమిలేసరికి నిండు వర్జ్యంలో గడప దాటాల. అందుకని ముందే మంచి ఘడియలో ప్రస్థానం పెట్టించా. పిల్లని లేపి, కారు తీసి సుబ్బులమ్మ గారింటి ముందు పెట్టమన్నా. తప్పా?"

పూర్వం సంచో, పంచో మంచి వేళకు ఇల్లు దాటించి, పక్కింట్లో పెట్టేవారట. అప్పుడే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. కనకరత్నమ్మ సంచికి బదులు కారునే దాటించింది. దాని కడుపు నిండిందా లేదా అని చూడలేదు. సంచికి ఆ బాధ లేదు కదా.

"చార్జింగు తీసేసి ప్రస్థానమా?" పురుషోత్తానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అసలు దేనికే? చూసి వద్దనుకోడానికి పోతన్నాం. దానికి ప్రస్థానం ఎందుకు?"

"కోడలి పెద్ద ఉజ్జోగం చూడ్డానికి పోతన్నామనే నాకు తెలుసు," అంది కనకరత్నమ్మ. "వద్దనుకోడానికని నాకెవరూ చెప్పలా."

హైమావతి వెనక్కి తిరిగి అత్తగారిని చూసింది. ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. పురుషోత్తం ప్లగ్గు సంగతి ఇక ఎత్తలేదు. భార్యను అన్న మాటలు వెనక్కి తీసుకోనూ లేదు.

బొగ్గులదిన్నె చేరేసరికి నా అంకె చూడాలంటే నాకే భయమేసింది. ఊరి మొదట్లో ఒక కల్యాణ మండపం ఉంది. మైకులో పాటలు, బయట ట్రాక్టర్లు. ఎవరిదో ఓణీల ఫంక్షను. మండపం ఉన్నచోట వంటలకు పెద్ద కరెంటు ఉంటుందని హైమావతికే తట్టింది. ఆమే దిగి, లోపలికి వెళ్ళి, ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. ఆడపిల్ల మేనమామ ఓబులేసు. కొత్త పంచె, నుదుటి మీద అక్షింతలు.

"కారుకి కరెంటా? దానికేం మేడం! గ్రైండరు పెట్టే పాయింటు ఉండాది. పిండి రుబ్బడం పొద్దుననే అయిపాయ. ఎనక్కి పెట్టండి సార్. ఇంకొంచెం. ఆఁ, సాంబారు డేగిసా తగులుతాది, ఆగండి!"

డిక్కీలో ఉండే చిన్న చార్జరు తీగ వంటల పాక దాకా సరిగ్గా అందింది. గిన్నెలో చుక్కచుక్కగా పాలు పోసినట్టు కరెంటు వస్తోంది. సాయంత్రం దాకా కదలడానికి లేదని చూపించాను. ఓబులేసు సంబరపడ్డాడు. "ఇంకేం, అన్నం తినందే పంపం."

తలుపులు బార్లా తీసి పెట్టారు. మోకాళ్ళు వంగని కనకరత్నమ్మకు కారులోకే విస్తరి తెచ్చారు. చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఏ ఊరు, ఎందుకొచ్చారు అని మొదలై, ఆవిడ నోట్లోంచి కోడలి సంగతి బయటికొచ్చింది. వెంటనే గుసగుసలు. "మన బడికి వచ్చే హెడ్మేడం అంటనే!"

ఓబులేసు పురుషోత్తానికి కిళ్ళీ అందిస్తూ అడిగాడు. "నిజమేనా సార్? మాకు హెడ్మాస్టరు లేక ఎన్నాళ్ళాయనో. లెక్కల సారే అదీ చూస్తాడు, ఇదీ చూస్తాడు. పిల్లకాయలంతా లెక్కల్లోనే పోతాండారు."

"లేదులేండి," అన్నాడు పురుషోత్తం కిళ్ళీ బుగ్గన పెట్టుకుంటూ. "ఇంత దూరం ఈమె ఎట్టా వచ్చుద్ది? మంగళవారం వద్దని రాసిచ్చేస్తది. ఊరికే ఒకసారి చూసిపోదామని."

"మంచిదే సార్," అన్నాడు ఓబులేసు. "ఊరికే చూసిపోయినోళ్ళు శానామంది ఉండారు."

హైమావతి నా తలుపు పక్కనే ఉంది, చేతిలో ప్లేటు. భర్త చెప్పింది ఆమె విన్నది, ఆమె విన్నదని ఆయనా చూశాడు. ఆమె మిగిలిన వడ ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

ఇంతలో ఫంక్షను పిల్లే వచ్చింది, తులసి. కారులో ఫోటో దిగాలట. బరువైన పట్టు పావడా, జడ నిండా పూలు, మెడ తిప్పడానికి లేదు. పురుషోత్తం సీట్లో కూర్చుని నన్ను అటూ ఇటూ నొక్కింది. దేశమంతా చిన్నదైపోయి, పెద్దదైపోయి, మళ్ళీ వాళ్ళ ఊరు దగ్గర ఆగింది.

"మా ఊరు ఉండాది ఇందులో!" అని అరిచి, హైమావతి వైపు చూసింది. "మీరు తోల్తారా మేడం?"

"నేర్చుకున్నా."

"అయితే సారెందుకు తోల్తాండారు?"

"ఊళ్ళో అయితే తోల్తా. ఇంతదూరం ఎప్పుడూ తోలలేదు."

"ఎందుకు?"

"ఎవరూ అడగలేదమ్మా," అంది. అని, తను అన్న మాట తనకే నచ్చనట్టు మొహం పెట్టింది. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. పిల్ల నవ్వింది.

తర్వాత హైమావతి కనిపించలేదు. బడి తాళం ఉన్న అటెండరు పంక్తిలోనే దొరికాడని, అతనితో వెళ్ళిందని మేఘన వాళ్ళ నానమ్మకు చెప్పింది. పురుషోత్తం మండపంలో చాప మీద ఒరిగాడు. ఫంక్షను భోజనం, దారి పొడుగునా పడిన ఆదుర్దా, రెండూ కలిసి ఆయన్ని పడేశాయి.

ఆమె తిరిగి వచ్చేటప్పటికి ఎండ తగ్గింది. చీర కుచ్చెళ్ళకు దుమ్ము. వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుంది.

"ఎట్టా ఉంది?" అంది కనకరత్నమ్మ.

"బడి పెద్దదే అత్తయ్యా. గదులు బాగానే ఉన్నాయి. తొమ్మిదో తరగతి బోర్డు మీద లెక్క ఒకటి సగంలో వదిలేసి పోయారు. సెలవులిచ్చిన రోజు చెప్పినట్టుంది."

"ఊఁ."

"మూడో మెట్టులో తప్పు చేశారు. అట్టాగే ఉంది బోర్డు మీద, ఇన్ని రోజులుగా. తుడిచి సరిగ్గా వేసొచ్చా."

"అందుకా చేతులకు సుద్ద," అంది కనకరత్నమ్మ. అని, తన పక్కన ఉన్న నీళ్ళ చెంబు కోడలి చేతికిచ్చింది. హైమావతి చేతులు కడుక్కోలేదు. నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టింది.

ఏసీ వేయకుండా, నిదానంగా పోతే ఒంగోలు చేరతారని చెప్పాను. పురుషోత్తం నిద్రమొహంతో వచ్చి నా అంకె చూసి తల అడ్డంగా ఊపాడు. నా మీద ఆయనకు నమ్మకం పోయింది. తప్పుపట్టను. ఓబులేసు తీగ చుట్టి డిక్కీలో పెట్టి, ఒక డబ్బా నిండా లడ్డూలు మేఘనకిచ్చాడు. రమ్మని గానీ, మళ్ళీ కలుద్దామని గానీ అనలేదు.

పురుషోత్తం తలుపు తీసేసరికి డ్రైవరు సీట్లో హైమావతి ఉంది. అద్దం తన ఎత్తుకు సరిచేసుకుంటోంది.

"ఏంది?"

"మీకు నిద్ర మత్తుంది. నేను తోల్తా."

"నువ్వా? లారీలొస్తయ్ ఎదురు. ఘాటు రోడ్డు. పైగా చార్జింగు చూసుకుంటా..."

"ఘాటు అటు గిద్దలూరు దాటాక. మనం ఇటు పోతున్నాం."

"ఒరే, కూర్చోరా," అంది కనకరత్నమ్మ వెనక నుంచి. "నాకు కాళ్ళు లాగుతున్నయ్. ఎవరు తోలితే ఏం, ఇంటికి చేరితే చాలు."

ఆయన చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు ఎక్కాడు. ఎక్కగానే నాకు అడ్డంగా ఉన్న తన ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన తన వస్తువులన్నీ సర్దుకుంటాడు.

హైమావతి తోలడం నేను ఊళ్ళో చూశాను. కూరగాయల మార్కెట్టుకు, బ్యాంకుకు. ఇలా చూడటం ఇదే మొదలు. రోడ్డు మీద ఎవరికీ అడ్డం పోదు, ఎవరినీ తరమదు. వెనక హారను కొట్టినవాడికి దారి ఇస్తుంది. బ్రేకు అవసరం రాకముందే కాలు తీస్తుంది. అలా తోలితే కరెంటు మిగులుతుంది. నేను వేసిన అంచనా కంటే మెల్లగా తరిగింది. పురుషోత్తం పక్క నుంచి "గేదెలు", "లారీ", "మలుపు" అంటూ ఉన్నాడు. నా పని కూడా ఆయనే చేస్తున్నాడు కాబట్టి నేను తగ్గి మాట్లాడాను. కొంతసేపటికి ఆయనా తగ్గాడు.

కంభం చెరువు కట్ట పక్క నుంచి పోతుంటే చల్లగాలి కారులోకి వచ్చింది. పొద్దు నీళ్ళ మీద వాలుతోంది. కనకరత్నమ్మ చెంగు దించి, "అబ్బ" అంది. మేఘన డబ్బా మూత తీసి అందరికీ తలా ఒక లడ్డూ ఇచ్చింది. పురుషోత్తం తీసుకున్నాడు. మంచి గాలి తగిలినప్పుడు మనుషులకు పాత విషయాలు పూర్తి చేయాలనిపిస్తుంది కాబోలు, ఆయన అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది గదా హైమా. పొద్దున్నుంచీ ఎంత అవస్థ పడ్డాం! రోజూ వచ్చిపోయే దూరమా ఇది? అందుకే చూసొద్దామన్నా. మంగళవారం నేనూ సెలవు పెడతా. ఇద్దరం పోయి ఆ కాగితమేదో ఇచ్చేసి వద్దాం."

ఎదురుగా గొర్రెల మంద వస్తే కారు ఆపింది. గొర్రెలు రెండువైపులా రాసుకుంటూ పోయాయి. కాపరి చేయెత్తాడు, ఆమె కూడా ఎత్తింది. మంద అయిపోయాక కారు కదిలించి, మామూలు గొంతుతో, రేపు ఏం కూర చేయాలో చెబుతున్నట్టు అంది.

"మీరు సెలవు పెట్టొద్దు. నేనొక్కదాన్నే పోతా. బొగ్గులదిన్నె రాసుకుంటన్నా."

పురుషోత్తం చేతిలో లడ్డూ అలాగే ఉంది. మేఘన ముందుకు వంగింది. కనకరత్నమ్మ కళ్ళు తెరిచే ఉంది.

"రోజూ తిరగను. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటా. అటెండరుతో చూడమని చెప్పా. శనివారం సాయంత్రం వస్తా," అంది హైమావతి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "చిన్న కుక్కరు నేను తీసుకుపోతా. పెద్దది మీకుంచుతా."